అబాకస్సా, చెస్సా, కోడింగా, కూరగాయల సంచా? పిల్లల బుర్రకు ఏది మేలు?

ఏప్రిల్ మూడో వారం దాటిందంటే చాలు, హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ గేటుకో ఫ్లెక్సీ, వాట్సాప్ గ్రూపుకో సమ్మర్ క్యాంప్ పోస్టరు. అబాకస్ వాళ్లు, చెస్ అకాడమీ వాళ్లు, కోడింగ్ వాళ్లు అందరూ రాసేది ఒక్కటే మాట: ‘ప్రాబ్లం సాల్వింగ్ స్కిల్స్ పెరుగుతాయి’. ఫీజులు మాత్రం ఎవరివి వారివి, అన్నీ వేలల్లోనే.

డబ్బు కట్టేముందు ఒక్కటి అడిగి చూసుకుంటే సగం గందరగోళం తీరిపోతుంది. పిల్ల అక్కడ నేర్చుకున్నది ఆ క్లాసు గుమ్మం దాటి బయటికి వస్తుందా, రాదా? కింద రాసినవన్నీ నేను దీన్నిబట్టే బేరీజు వేశాను.

ముందు అబాకస్ సంగతి. పూసల చట్రం పక్కన పెట్టేసి, గాల్లో వేళ్లు ఆడిస్తూ మూడంకెల కూడికలు చకచకా చెప్పేసే పిల్లల్ని చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. ఆ వేగం నిజమైనదే. గుజరాత్‌లోని వడోదరలో ఒక స్కూలు పిల్లల్ని లాటరీ పద్ధతిలో విడదీసి, కొందరికి మూడేళ్లపాటు అబాకస్, మిగతావాళ్లకు మామూలు లెక్కలు అదనంగా నేర్పి చూశారు. ఆ ఫలితాలు 2016లో వచ్చాయి. అబాకస్ నేర్చినవాళ్లు లెక్కల్లో ముందున్నారు. జ్ఞాపకశక్తి లాంటి మౌలికమైన సామర్థ్యాల్లో మాత్రం తేడా ఏమీ రాలేదు. కాబట్టి లెక్కల్లో వేగం కావాలనుకుంటే చేర్పించండి, తప్పులేదు. ‘బ్రెయిన్ డెవలప్‌మెంట్’ అన్న మాట నమ్మి మాత్రం నేనైతే రూపాయి కట్టను. ఎక్కడ కూడాలి, ఎక్కడ తీసేయాలి అని తేల్చుకోవడంలోనే కదా అసలు తిప్పలంతా ఉండేది! అబాకస్ షీటులో ఆ తిప్పలు ముందే ఎవరో పడేసి, అంకెలు వరుసగా పేర్చి ఇస్తారు.

చెస్ మీద మనవాళ్లకు మోజు ఉండటంలో వింతేమీ లేదు. గుడివాడ అమ్మాయి కోనేరు హంపి 2002లో 15 ఏళ్లకే గ్రాండ్‌మాస్టర్ అయింది. మన వరంగల్ కుర్రాడు అర్జున్ ఇరిగేసి 2024 డిసెంబరులో 2800 రేటింగ్ దాటాడు. ఆనంద్ తర్వాత అంతవరకు వెళ్లిన భారతీయుడు అతనే. అయితే చెస్ ఆడితే లెక్కలు వాటంతట అవే వచ్చేస్తాయన్న మాట నిలబడలేదు. ఇంగ్లండ్‌లో 100 స్కూళ్లలో, దాదాపు 4,000 మంది పిల్లలతో పెద్ద ఎత్తున పరీక్షించి చూశారు. చెస్ పాఠాలు అయిపోయిన ఏడాదికి లెక్కల పరీక్ష పెడితే, నేర్చుకున్నవాళ్లకూ నేర్చుకోనివాళ్లకూ తేడా కనిపించలేదు. అది కూడా 2016 మాటే.

అయినా చెస్‌ను నేను అబాకస్ కంటే ఒక మెట్టు పైనే పెడతాను. ఓడిపోయిన ఆటను మళ్లీ బోర్డు మీద పేర్చుకుని, పన్నెండో ఎత్తు దగ్గర గుర్రాన్ని ఎందుకు కదిపానా అని వెతుక్కునే అలవాటు ఇంకెక్కడా ఇంత సులువుగా దొరకదు. మంచి కోచ్ పిల్లలతో ఎత్తులన్నీ నోట్‌బుక్కులో రాయిస్తాడు, ఆట అయ్యాక ఆ పుస్తకం తెరిచి కూర్చుంటాడు. ఆదివారం ఆదివారం టోర్నమెంటుకు తిప్పి కప్పుల వెంట పరుగెత్తించే అకాడమీలో ఆ కూర్చోవడం ఉండదు. రెండింటికీ ఫీజు ఒకటే కావచ్చు.

కోడింగ్ దగ్గర తల్లిదండ్రులకు టెన్షన్ ఎక్కువ, ఎందుకంటే ఇది ఐటీ ఊరు. యూకేజీ పిల్లాడికి ఇప్పుడే మొదలుపెట్టకపోతే వెనకబడిపోతాడన్నట్టు మాట్లాడతారు. 2020 జాతీయ విద్యా విధానం కూడా కోడింగ్ పనులను ఆరో తరగతి నుంచి మొదలయ్యే దశలోనే పెట్టింది, అంత కంగారు అక్కర్లేదు. పైగా అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీ వాళ్లు 2007లో విడుదల చేసిన స్క్రాచ్ (తెర మీద బ్లాకులు పేర్చి ప్రోగ్రాములు తయారుచేసే సాఫ్ట్‌వేర్) ఎనిమిదేళ్లు దాటిన పిల్లల కోసమే తయారైంది, పూర్తిగా ఉచితం. ఇంట్లో లాప్‌టాప్ ఉంటే చాలు. స్క్రాచ్‌లో పిల్లి బొమ్మను నడిపించబోతే అది తెర అంచుకు వెళ్లి అక్కడే ఇరుక్కుంటుంది. ఎందుకు ఇరుక్కుంది, ఎక్కడ వెనక్కి తిరగమని చెప్పాలి అని పిల్లాడు బ్లాకులు ఒక్కొక్కటే తీసి పెట్టి చూస్తాడు. బుర్రకు పని పడేది అక్కడే. సార్ చెప్పినట్టు బ్లాకులు పేర్చి, చివర్లో సర్టిఫికెట్ తీసుకునే క్లాసులో ఆ వెతుకులాట ఉండదు. 105 అధ్యయనాలను కలిపి చూసిన 2019 నాటి విశ్లేషణలో కూడా కోడింగ్ నేర్చినవాళ్లకు ప్రయోజనం కనిపించింది కానీ, కోడింగ్‌కు దగ్గరి పనుల్లో ఎక్కువ, దూరపు పనుల్లో తక్కువ.

ఇక కూరగాయల సంచి. నా ఓటు దీనికే.

పదేళ్ల పిల్లని సరూర్‌నగర్ రైతుబజార్‌కు తీసుకెళ్లి, చేతిలో రెండు వందల నోటు పెట్టి, ‘మన నలుగురికి రెండు రోజుల కూరలు నువ్వే కొను’ అనండి. లిస్టు ఇవ్వొద్దు. ధరల బోర్డు ముందు నిలబడి తను ముందు చిక్కుడుకాయల వైపు వెళ్తుంది, రేటు చూసి వెనక్కి వస్తుంది. ‘అమ్మా, బెండకాయలు తీసుకోనా?’ అంటుంది. ‘నీ ఇష్టం నాన్నా’ అని ఊరుకోవాలి. బెండకాయ కొన విరిచి చూస్తుంటే ‘ఏయ్ పాపా, విరవకు!’ అని అమ్మేవాడు కసురుకుంటాడు. మరి లేతదో ముదురుదో ఎలా తెలుసుకోవాలి? వాడినే అడగాలి. చివరికి టమాటాలు అడుగున వేసి, పైన రెండు కిలోల ఆలుగడ్డలు పోసుకుని ఇంటికి చేరుతుంది. సంచి కుమ్మరించాక ఏమైందో ఎవరూ చెప్పనక్కర్లేదు. డబ్బు సరిపోవాలి, సరుకు బాగుండాలి, మనిషితో మాట్లాడాలి, బరువు మోయాలి. ఏ వర్క్‌బుక్కులోనూ ఈ నాలుగూ ఒకే లెక్కలో రావు.

మెట్రో కూడా ఇలాంటిదే. దిల్‌సుఖ్‌నగర్ నుంచి తార్నాక వెళ్లాలి, దారి నువ్వే చెప్పు అని మ్యాప్ ముందు నిలబెట్టండి. అమీర్‌పేటలో ఒక్కసారి మారితే చాలు, కానీ 21 స్టేషన్ల ప్రయాణం. ఎంజీబీఎస్‌లో దిగి గ్రీన్ లైన్ ఎక్కి, పరేడ్ గ్రౌండ్‌లో మళ్లీ బ్లూ లైన్‌కు మారితే 15 స్టేషన్లే, కానీ రెండుసార్లు మెట్లెక్కి దిగాలి. తాతయ్య వెంట ఉంటే ఏది? ఒక్కడివే పరుగెత్తగలిగితే ఏది? దీనికి గైడులో జవాబు ఉండదు.

అలాగని సంచికి లోటు లేదనుకోవద్దు. కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో అమ్మకాలు చేసే పిల్లల మీద ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో బృందం చేసిన పరిశోధన 2025లో వచ్చింది. చిక్కు బేరాలన్నీ నోటితో తేల్చేసే ఆ పిల్లల్లో చాలామంది, అదే రకం లెక్క స్కూలు పుస్తకంలోలా రాసిస్తే తడబడ్డారు. బడి పిల్లలది దీనికి రివర్స్. అంటే బజారు తెలివి కూడా బజారులోనే ఆగిపోగలదు. అందుకే ఇంటికొచ్చాక ఆ రెండు వందల ఖర్చు కాగితం మీద లెక్కగా రాయించాలి: 38 రూపాయల కిలో టమాటా ముప్పావు కిలో ఎంత, ఎలా వచ్చింది. పది నిమిషాల పని. ఈ పది నిమిషాలు మానేస్తే నేను సంచికి వేసిన మార్కుల్లో సగం తీసేసుకోవచ్చు.

వీటన్నిటిలోనూ పెద్దవాళ్లు ఎప్పుడు నోరు విప్పుతారన్నది ముఖ్యం. మను కపూర్ అనే విద్యా పరిశోధకుడు దీన్నే పట్టుకుని ఏళ్ల తరబడి పనిచేశాడు. పిల్లలతో ముందు కుస్తీ పట్టించి, పద్ధతి తర్వాత చెబితే విషయం లోతుగా ఎక్కుతోందని తేల్చాడు. పద్ధతి చెప్పడం మానేయమని ఆయన అనలేదు, కాస్త ఆగి చెప్పమన్నాడు. మన ఇళ్లలో ఇది కష్టమే. పిల్ల రెండు నిమిషాలు మొహం ముడుచుకుంటే చాలు, ‘పాపం, ఆ ముక్కేదో చెప్పెయ్యొచ్చు కదే’ అని వెనక నుంచి అమ్మమ్మ గొంతు వినిపిస్తుంది. (అమ్మమ్మలే నేర్పించాల్సిన ఆట ఒకటుంది: పులిజూదం. మూడు పులులు, 15 మేకలు, నేల మీద సుద్దముక్క గీతలు, చింతగింజలు. పులి ఎత్తులు వేరు, మేక ఎత్తులు వేరు కాబట్టి వైపు మార్చి ఆడితే బుర్ర మళ్లీ మొదటి నుంచి పనిచేయాలి. పైసా ఖర్చు లేదు.)

ఎనిమిదేళ్లలోపు పిల్లలకైతే సంచి, పులిజూదం చాలు. ఆ పైన, ఓడినా మళ్లీ ఆడతానని మొండికేసే పిల్లకి చెస్, వస్తువులు విప్పి చూసే పిల్లాడికి ఇంట్లోనే స్క్రాచ్. లెక్కల భయంతో కూడికలే నత్తనడక నడుస్తుంటే అబాకస్, అంతవరకే.

క్లాసులోనే చేర్చాలని గట్టిగా అనుకుంటే డెమో రోజు వెనక బెంచీలో కూర్చోండి. పిల్ల తప్పు చేసినప్పుడు సార్ వెంటనే చెరిపేసి సరైనది రాసేస్తున్నాడా, ‘అలా ఎందుకు వేశావమ్మా?’ అని అడిగి ఆగుతున్నాడా చూడండి. మొదటి రకమైతే రిసెప్షన్‌లో ‘ఈరోజు జాయిన్ అయితేనే డిస్కౌంట్’ అన్నా సరే, ఆలోచించి చెబుతామని వచ్చేయండి. డెమోకు చాలాచోట్ల డబ్బులేమీ అడగరు కాబట్టి ఇంకో రెండు చోట్ల కూడా చూసుకోవచ్చు.