గోడ నీడా, పందిరి నీడా, చెట్టు నీడా? బరంపురం బజారులో ఏది మేలు

మే నెలలో బరంపురం బజారుకు నడిచి వెళ్లే మనిషికి గొడుగైనా ఉంటుంది, చెప్పులైనా ఉంటాయి. గొలుసు పట్టుకుని వెంట తీసుకెళ్లే కుక్కకు ఆ రెండూ లేవు. గాలి వేడి 25 డిగ్రీలే ఉన్న రోజున కూడా నడి ఎండలో తారు 50 దాటగలదు. ఇక మే సంగతి వేరే చెప్పాలా? అరచేతి వెనకవైపు తారుకు ఆనించి ఏడు సెకన్లు ఉంచి చూడండి. ఉంచలేకపోతే ఆ దారి కుక్కకు పనికిరాదు. పైగా సముద్రం ఇక్కడికి దాదాపు 15 కిలోమీటర్లే. ఉక్కపోతలో మన చెమట ఆరదు, కుక్క ఎంత రొప్పినా దాని ఒళ్లు చల్లబడదు. కాబట్టి ఇక్కడ నీడ ఒక్కటే చాలదు, గాలీ ఆడాలి, కింద నేలా కాలకూడదు. మూడు నీడలనూ ఈ లెక్కతోనే చూడాలి.

ముందు గోడ నీడ. బడాబజారు వైపు పాత సందుల్లో ఇది ఖర్చు లేకుండా దొరుకుతుంది. అయితే సందు ఏ దిక్కుగా ఉందన్నదే అసలు విషయం. ఉత్తర దక్షిణాలుగా సాగే సందులో పొద్దున తూర్పు గోడ, సాయంత్రం పడమటి గోడ నీడనిస్తాయి. ఎండ తగలని ఆ నేల పాదాలకు అన్నిటికన్నా సుఖం. తూర్పు పడమరల సందుకు ఆ భాగ్యం లేదు. బరంపురం 19 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి కాస్త పైన ఉంది. మే మూడో వారంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, నిలువుగా పాతిన కర్రకు నీడే పడదు. అంటే ఆ రోజుల్లో సూర్యుడు ఇంచుమించు సందు వెంబడే నడుస్తాడు. గోడలు ఎంత ఎత్తున్నా పెద్దగా లాభం లేదు. ఇక అన్ని సందులకూ ఉన్న లోపం, గాలి ఆడకపోవడం. స్కూటరు చక్రాలకూ మురుగు కాలువ అంచుకూ మధ్య కుక్కను నడిపించడం మరో పరీక్ష.

పందిరికి ఉన్న గొప్ప గుణం తొందర. ఈ రోజు అనుకుంటే రేపటికి నీడ. దుకాణదారులు ఎక్కువగా కట్టేది గ్రీన్‌నెట్టో టార్పాలినో. ఈ రెంటిలో నెట్టే నయం, గాలిని పోనిస్తుంది. టార్పాలిన్ తాను కాగి, ఆ సెగను కింద నిలబడ్డవాళ్ల మీదికే దించుతుంది. తాటాకు చల్లనిదే కానీ, కరెంటు తీగలు అల్లుకున్న బజారులో ఎండుటాకు కప్పమని నేను చెప్పను. ఒక్క వేసవి గాలివాన చాలు, నెట్టు చిరిగి తీగలకు వేలాడుతుంది.

చెట్టు దగ్గర ఆగి మాట్లాడాలి. పందిరి ఎండను ఆపి ఊరుకుంటుంది. చెట్టు ఎండను ఆపడమే కాక, ఆకుల నుంచి నీటిని ఆవిరిగా వదులుతూ చల్లబరుస్తుంది, కింద గాలినీ ఆడనిస్తుంది. కానీ బరంపురంలో చెట్టు అనగానే 2013 గుర్తుకు రావాలి. ఆ అక్టోబరు 12న గోపాలపూర్ దగ్గర తీరం దాటిన ఫైలిన్ తుపాను ఈ ప్రాంతంలో చెట్లను కుప్పలుగా కూల్చింది. అందుకని చెట్లు వద్దనడం తెలివి కాదు, ఏ చెట్టు అన్నది చూసుకోవాలి. తురాయి తొందరగా పెరుగుతుంది, ఎర్రగా పూసి ముచ్చట గొలుపుతుంది, కొమ్మ మాత్రం పెళుసు. పైగా ఎండలు ముదిరే వేళకు పూలే తప్ప ఆకు పలచన. వేప, కానుగ అలా కాదు. ఎండలు ముదరక ముందే ఆకు రాల్చి, మే నాటికి నిండుగా చిగురిస్తాయి. మొదలు చుట్టూ సిమెంటు బిగించకుండా మట్టి వదిలితే వేరుకు పట్టు దొరుకుతుంది, ఆ కాస్త మట్టీ చల్లగా ఉంటుంది. టీ దుకాణం కుండ కింద నీళ్లు కారి తడిసిన చోటే వీధికుక్క పొట్ట ఆనించి పడుకుంటుంది, చూడండి. అక్కడి నేల సంగతి దానికి మనకన్నా బాగా తెలుసు.

నా ఓటు చెట్టుకే. అది ఎదిగేదాకా నాలుగైదేళ్లు నెట్టు పందిరి. ఉత్తర దక్షిణాల సందులను మాత్రం వెడల్పు చేయకుండా వదిలేయడమే మేలు.

అయితే పెరిగిన చెట్టు కింద ఇప్పుడు ఎవరున్నారు? వరుసగా మోటారు సైకిళ్లు. సీట్లు చల్లగా ఉంటాయి, నడిచేవాళ్లు వాటిని చుట్టి తారు మీదికి దిగుతారు. బళ్లను ఎండలోకి నెట్టకపోతే ఎన్ని మొక్కలు నాటినా ఆ నీడ నడిచేవాళ్లకు దక్కదు.

తూర్పు పడమరల రోడ్డుకు ఒక్క వరుస మొక్కలకే డబ్బుంటే, ఉత్తరం వైపు కాలిబాటకు రోడ్డు పక్క అంచున నాటాలి. దక్షిణం వైపు కాలిబాటకు ఏడాదిలో ఎక్కువ నెలలు దుకాణాల గోడలే నీడనిస్తాయి.