మైనపు లెట్యూస్ కోసం గుజో హచిమాన్ దాకా

జపాన్‌లో హోటళ్ల ముందు అద్దాల అరల్లో పెట్టే నకిలీ వంటకాలను షొకుహిన్ సంపురు అంటారు. చూసి కొనుక్కోవడానికి టోక్యోలోని కప్పాబాషి వీధి చాలు. స్వయంగా చేసి చూడాలంటే గిఫు ప్రిఫెక్చర్‌లోని గుజో హచిమాన్‌కు వెళ్లడమే మంచిది. ఈ పనిని పెద్ద వ్యాపారంగా నిలబెట్టిన ఇవాసాకి తకిజో పుట్టిన ఊరది. ఆయన 1932లో ఒసాకాలో కంపెనీ పెట్టారు. అప్పట్లో అగర్ (సముద్రపు నాచు నుంచి తీసే జెల్లీ) అచ్చుల్లో మైనం పోసేవారు. ఇప్పుడు సిలికాన్ అచ్చులో వినైల్ అనే ప్లాస్టిక్ పోసి, ఓవెన్‌లో గట్టిపరచి, రంగులు స్ప్రే చేస్తారు. వర్క్‌షాపుల్లో మనచేత చేయించేది మాత్రం పాత మైనం పద్ధతే.

సాధారణంగా టెంపురా (జపాన్ బజ్జీ), లెట్యూస్ (సలాడ్‌లో వేసే ఆకుకూర) నేర్పుతారు. తొట్టిలో సుమారు 40 డిగ్రీల గోరువెచ్చని నీళ్లుంటాయి. టెంపురాకి పసుపు మైనాన్ని కాస్త ఎత్తు నుంచి చుక్కలుగా జారవిడవాలి. నీటిమీద అవి బజ్జీ పిండి పొరలా పరుచుకుంటాయి. మధ్యలో మైనపు రొయ్యను పెట్టి చుట్టేస్తే అయిపోయింది. మరీ దగ్గర నుంచి పోస్తే చుక్కలు విడిపోక ముద్దవుతుంది, చుట్టడం ఆలస్యమైతే పొర పగులుతుంది.

అసలు పనితనం లెట్యూస్‌లో ఉంది. ముందు తెల్ల మైనం, దాన్ని ఆనుకుని ఆకుపచ్చ మైనం నీటిమీద పలచగా పోయాలి. వెంటనే తెల్ల అంచు రెండు చేతులతో పట్టుకుని నీళ్లలోకి మెల్లగా, ఆగకుండా లాగాలి. మైనం సాగుతూ ముడతలు పడుతుంది, ఆకు ఈనెలు వాటంతటవే తేలతాయి. విసురుగా లాగితే చిరుగుతుంది, మధ్యలో ఆపితే అక్కడ మందంగా గట్టిపడుతుంది. చివర్లో ఉండలా చుట్టి, సగానికి కోసి చూడండి: లోపల పొరలన్నీ నిజం లెట్యూస్‌లాగే ఉంటాయి. ఆ కోతను చూడటం కోసమైనా వెళ్లాలి.

వర్క్‌షాప్‌కు ముందే బుక్ చేసుకోవాలి, సెలవు రోజు కూడా చూసుకోవాలి. నగోయా నుంచి బస్సులో దాదాపు గంటన్నర. టకయామా వైపు వెళ్లే కొన్ని బస్సులు హైవే దగ్గరే దింపేస్తాయి, పాత ఊళ్లోకి నడక తప్పదు. మినో ఓటా స్టేషన్ నుంచి చిన్న రైలు నెమ్మదిగా వెళ్తుంది, కానీ నది వెంట దారి చాలా బాగుంటుంది. బస కోసం చిన్న సత్రాలే ఎక్కువ. ఆగస్టు 13 నుంచి 16 దాకా గుజో ఓడోరి నృత్యం తెల్లవార్లూ సాగుతుంది, అప్పుడు గదులు దొరకడం కష్టం. ఆ రోజుల్లో గిఫులోనో నగోయాలోనో దిగడం నయం. శాకాహారులు సోబా (బక్‌వీట్ నూడుల్స్) పులుసు గురించి అడిగి తీరాలి, ఎండు చేపల రసం కలిసి ఉంటుంది.

కప్పాబాషికి తవరమాచి మెట్రో స్టేషన్ దగ్గర. ఆదివారం చాలా దుకాణాలు మూసేస్తారు. అక్కడ గాలిలో తేలే ఫోర్క్‌కు నూడుల్స్ వేలాడే బొమ్మ కనబడితే దగ్గరకెళ్లి చూడండి. లోపలి ఆధారాన్ని ఆ నూడుల్సే కప్పేస్తాయి. నిజమైన శిల్పం అది.

మన వేసవికి మైనం ఆగదు. చేసిన బొమ్మను గట్టి డబ్బాలో, చుట్టూ బట్ట కూరి, చేతి సంచిలోనే తెచ్చుకోండి. మే నెలలో ఎండలో ఆపిన కారులో వదిలితే ముడతలన్నీ మెత్తబడి కుంగిపోతాయి. బహుమతికైతే వినైల్ వస్తువే కొనండి, దాన్నీ పడమటి కిటికీకి దూరంగా పెట్టండి, ఎండకి రంగు వెలుస్తుంది.