మాంసాన్ని మిగిల్చే బరువు: 30-06 రైఫిల్‌లో 180 గ్రెయిన్ల బుల్లెట్‌తో నా అనుభవం

పెద్ద జంతువుల వేట కోసం 30-06 రైఫిల్ కొన్నవారు ముందుగా తేల్చుకోవలసింది బుల్లెట్ బరువు. దీనిని గ్రెయిన్లలో కొలుస్తారు, ఒక గ్రెయిన్ అంటే గ్రాములో దాదాపు పదిహేనో వంతు. 150 గ్రెయిన్లా, 165 గ్రెయిన్లా, 180 గ్రెయిన్లా అన్న చర్చ వచ్చినప్పుడు 180 పక్షం వహించేవారంతా అది లోతుగా దిగుతుందనీ, ఎముకను ఛేదించుకుని పోతుందనీ చెబుతారు. ఆ మాట నిజమే. అయితే అమెరికాలోని కొలరాడో కొండల్లో ఎల్క్ అనే పెద్ద జాతి జింక వేటకు ఏళ్ల తరబడి ఆ బరువే వాడిన నాకు దాని మీద ఏర్పడిన ఇష్టానికి కారణం వేరు. జంతువు పడిపోయాక తోలు ఒలిచి, జబ్బ విప్పి చూస్తే, పనికిరాదని కోసి పారేయవలసిన మాంసం చాలా తక్కువగా ఉంటుంది. మా ఇంట్లో ఏడాదిలో ఎక్కువ నెలలు వండుకునేది ఆ మాంసమే కాబట్టి, నా లెక్కలో ఇంతకన్నా పెద్ద గుణం ఏ బుల్లెట్‌కూ లేదు.

నేను వాడుతున్నది 22 అంగుళాల బ్యారెల్ ఉన్న బోల్ట్ యాక్షన్ రైఫిల్, అంటే ప్రతిసారీ పేల్చాక చేత్తో గడియ లాగి తరువాతి తూటా ఎక్కించుకునేది. స్కోప్‌తో కలిపి ఎనిమిది పౌండ్లకు కాస్త అటూ ఇటూ తూగుతుంది. బుల్లెట్ నోస్లర్ పార్టిషన్. 1946లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో ఒక మూస్ (భారీ జాతి జింక) మీద పేల్చిన బుల్లెట్లు లోపలికి సరిగా దిగకపోవడం చూసిన జాన్ నోస్లర్, సీసాన్ని ముందు వెనుకలుగా విడదీస్తూ మధ్యలో అడ్డుగోడ ఉండేలా దీనిని తయారు చేశాడు. ముందు సగం విచ్చుకుంటుంది, వెనుక సగం చెక్కుచెదరకుండా ముందుకు సాగుతుంది. బరువు గురించి రాస్తూ బుల్లెట్ నిర్మాణం ప్రస్తావన ఎందుకు తెచ్చానో తరువాత చెబుతాను. ఈ రెండింటినీ విడదీసి మాట్లాడడం కుదరదని నాకు క్రమంగా అర్థమైంది.

ఈ రైఫిల్‌లో బరువైన బుల్లెట్ నిలకడగా వెళ్ళదేమో అన్న అనుమానానికి ఆధారం లేదు. అమెరికా సైన్యం 1903లో తెచ్చిన తూటాలో (బుల్లెట్, మందు, తొడుగు కలిసినది తూటా) ఉన్నది 220 గ్రెయిన్ల గుండ్రటి ముక్కు బుల్లెట్. 1906లో దాని స్థానంలో 150 గ్రెయిన్ల మొనదేలిన బుల్లెట్‌తో 30-06 వచ్చింది గానీ, బుల్లెట్‌ను గిరగిరా తిప్పి నిలకడగా పంపే బ్యారెల్‌ లోపలి గాళ్ళ మెలిక మాత్రం పది అంగుళాలకు ఒక చుట్టుగానే మిగిలిపోయింది. ఈనాటి 30-06 రైఫిళ్ళలో అత్యధికం ఆ మెలికతోనే వస్తాయి కాబట్టి 180 గ్రెయిన్లు వాటికి బరువే కాదు. నా రైఫిల్ వరకైతే వంద గజాల దగ్గర 165 కన్నా 180 రంధ్రాలే ఒకదానికొకటి దగ్గరగా పడతాయి. ఇది ఒక్కో బ్యారెల్ స్వభావాన్ని బట్టి మారేదే తప్ప సూత్రం కాదు.

మొదటి సీజన్లలో నేను 150 గ్రెయిన్ల మామూలు బుల్లెట్లు, అంటే సీసం మీద పల్చటి రాగి తొడుగు తప్ప మరే బిగింపూ లేనివి, వాడాను. వాటి వేగం సెకనుకు 2900 అడుగుల పైమాటే. దూరపు గురిలో కిందికి జారడం తక్కువనీ, భుజానికి తగిలే దెబ్బ కూడా తక్కువేననీ అప్పట్లో తోటి వేటగాళ్ళకు గట్టిగా చెప్పేవాణ్ణి. ఎల్క్ కన్నా చిన్నదైన మ్యూల్ డీర్ జింక విషయంలో ఆ అభిప్రాయం ఇప్పటికీ మారలేదు. ఎల్క్ విషయంలో మాత్రం, ఒక ఏడాది దగ్గరలో కొట్టిన ఆడ ఎల్క్ ముందుకాలు విప్పి చూసినప్పుడు మనసు చివుక్కుమంది. బుల్లెట్ జబ్బ ఎముకకు తగిలి ముక్కలైంది. జంతువు పడిపోవడంలో జాప్యం లేదు గానీ, ఆ వైపు జబ్బలో సగానికి సగం, మెడ మొదలు వరకు, కండల మధ్య పొరల్లో నెత్తురు పాకి ఊదారంగు ముద్దగా తయారైంది. అటువంటి మాంసాన్ని ఎంత కడిగినా, ఉప్పునీటిలో ఎంతసేపు నానబెట్టినా వండినప్పుడు నీచు వాసన పోదు. కోసి పారేయడం తప్ప మార్గం లేదు.

180కి మారిన తరువాత, ఒక నవంబరులో కొలరాడోలోని ఫ్లాట్ టాప్స్ కొండ ప్రాంతంలో జరిగిన వేట నా అభిప్రాయాన్ని స్థిరపరచింది. అంతకు రెండు రోజుల ముందు కురిసిన మంచు పైపొర గట్టిపడి, అడుగు వేస్తే చప్పుడవుతోంది. ఆస్పెన్ చెట్ల వరుస పక్కన కదలకుండా కూర్చోవడమే మేలని, నాకు ఈ కొండలు చూపించిన పెద్దాయన సలహా ఇచ్చారు. పొద్దు వాలే వేళకు ఒక మగ ఎల్క్ చెట్ల మధ్య నుంచి మా వైపే ఏటవాలుగా నడిచి వచ్చింది. దూరం వంద గజాల లోపే. అది పక్కకు తిరిగి నిలబడుతుందేమోనని వేచి చూశాను. తిరగలేదు. తల ఎత్తి గాలిని పసిగడుతోంది. అటువంటి భంగిమలో ఊపిరితిత్తులు చేరాలంటే దగ్గరి వైపు జబ్బ కీలు పక్కనుంచి బుల్లెట్ దూరి ఏటవాలుగా పక్కటెముకల దాకా సాగాలి. 150 గ్రెయిన్ల ఆ పాత బుల్లెట్ ఉండి ఉంటే నేను ట్రిగ్గర్ మీద వేలు పెట్టేవాణ్ణి కాదు. 180 ఉంది కాబట్టి పేల్చాను. ఎల్క్ వెనుకకు తిరిగి, నలభై అడుగుల దూరం కూడా పోకుండా, కింద పడి ఉన్న ఒక మాను పక్కన కూలిపోయింది.

అసలు ఆశ్చర్యం టార్చి వెలుగులో తోలు ఒలుస్తున్నప్పుడు కలిగింది. కొండ మీద పెద్ద జంతువును పొట్ట చీల్చకుండానే, పక్కకు పడుకోబెట్టి, వీపు వెంట తోలు కోసి, ముందుకాలు, వెనుకకాలు, వెన్ను పక్కన పొడవాటి కండ విడివిడిగా తీస్తారు. ఎల్క్ ముందుకాలికి శరీరంతో ఎముక అతుకు ఉండదు, కండలే పట్టి ఉంచుతాయి. కాలు పైకెత్తి పట్టుకుని కింద కత్తి ఆడిస్తే చాలు, విడివడి వస్తుంది. ఆ కాలు ఎత్తినప్పుడు లోపలి వైపు నెత్తురు ముద్ద కనిపిస్తుందని నేను సిద్ధపడి ఉన్నాను. ఎముక అంచు విరిగింది, బుల్లెట్ దూరిన దారి బొటనవేలు పట్టేంత ఉంది, దాని చుట్టూ అరచేయంత మేర మాత్రమే మాంసం నలిగింది. మిగిలిన జబ్బ అంతా ఎర్రగా, శుభ్రంగా, పొర చెదరకుండా ఉంది. పెద్దాయన ఆ కాలును వెలుగులోకి తిప్పి చూసి, ఏమీ అనకుండా మాంసం సంచిలో పెట్టారు. మరో పక్కకు తిప్పాక, ఆ వైపు చివరి పక్కటెముకల దగ్గర తోలు కింద గట్టిగా చేతికి తగిలిన ఉబ్బును కోస్తే బుల్లెట్ దొరికింది. ముందు భాగం పుట్టగొడుగులా విచ్చుకుని, వెనుక భాగం ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉంది. ఇంటికి వెళ్ళి తుపాకీ మందు తూచే త్రాసులో వేస్తే 180లో దాదాపు మూడింట రెండు వంతులు మిగిలి ఉంది. ఈ రకం బుల్లెట్ నుంచి ఆశించవలసింది కూడా అంతే.

ఇలా ఎందుకు జరుగుతుందో తరువాత తీరికగా ఆలోచించాను. మాంసాన్ని పాడుచేసేది బుల్లెట్ బరువు కాదు, తగిలే వేగమూ, ముక్కలైపోయే స్వభావమూ. సాధారణ ఫ్యాక్టరీ తూటాల్లో 150 గ్రెయిన్ల బుల్లెట్ వంద గజాల దగ్గర ఇంకా సెకనుకు 2600 అడుగులకు పైగా వేగంతో ఉంటుంది. 2700 అడుగుల దగ్గర మొదలయ్యే 180 ఆ దూరానికి 2500 అడుగుల చుట్టుపక్కలకు దిగివస్తుంది. బయలుదేరినప్పటి శక్తి చూస్తే రెండింటికీ పెద్ద తేడా లేదు, రెండూ దాదాపు 2800, 2900 అడుగు-పౌండ్ల (శక్తిని కొలిచే ప్రమాణం) మధ్యే. అయితే తేలికది ఆ శక్తినంతా మొదటి కొద్ది అంగుళాల్లో, కచ్చితంగా జబ్బ కండ ఉన్న చోటే, ఒక్కసారిగా కుమ్మరిస్తుంది. బరువైనది అదే శక్తిని పొడవునా పంచుకుంటూ పోతుంది. అడ్డంగా నిలబడ్డ ఎల్క్‌లోనైతే తరచు అవతలి వైపు నుంచి బయటకు వెళుతుంది. అలా వెళ్ళడం వల్ల రెండు రంధ్రాలు ఏర్పడి మంచు మీద నెత్తురు జాడ స్పష్టంగా ఉంటుంది. చీకటి పడుతున్న వేళ దట్టమైన అడవిలో వెతుక్కునేవారికి దాని విలువ తెలుసు.

కొలరాడో నిబంధనలు ఎల్క్‌కు విచ్చుకునే బుల్లెట్ కనీసం 85 గ్రెయిన్లు ఉండాలనీ, వంద గజాల దగ్గర కనీసం 1000 అడుగు-పౌండ్ల శక్తి ఉండాలనీ మాత్రమే అడుగుతాయి. 30-06లో ఏ బరువైనా దీనిని సునాయాసంగా దాటుతుంది, కాబట్టి ఎంపికకు చట్టం దారి చూపదు. తినదగిన మాంసాన్ని వృథాగా వదిలేయడం నేరమని అదే చట్టం చెబుతుంది. జబ్బను నాశనం చేసే బుల్లెట్‌ను ఎంచుకోవడం నేరం కాకపోయినా, నా దృష్టిలో ఆ నిబంధన వెనుక ఉన్న ఉద్దేశానికి అది విరుద్ధమే.

బుల్లెట్ దూరంలో కిందికి జారడం, భుజానికి తగిలే దెబ్బ గురించి క్లుప్తంగా చెబుతాను. రెండు వందల గజాల దగ్గర గురికి సరిగ్గా తగిలేలా స్కోప్ సరిచేసుకుంటే (దీనినే జీరో చేయడం అంటారు) మూడు వందల గజాల దగ్గర 150కీ 180కీ మధ్య తేడా ఒకటి రెండు అంగుళాలే, ఎల్క్ ఛాతీ ముందు అది లెక్కలోకి రాదు. భుజానికి తగిలే దెబ్బ ఎనిమిది పౌండ్ల రైఫిల్‌లో 150తో పదిహేడు పద్దెనిమిది అడుగు-పౌండ్లైతే 180తో ఇరవై దాకా ఉంటుంది. బల్ల మీద ఆనించి వరుసగా ఒక పెట్టె కాల్చిన రోజున ఆ తేడా తెలుస్తుంది, ఎల్క్ ఎదుట ఒక్కసారి కాల్చినప్పుడు తెలియదు. అయితే రేంజ్‌లో దెబ్బకు బెదిరి కళ్ళు మూసుకునే అలవాటు ఒకసారి పడితే అది కొండ మీదకూ వస్తుంది. ఆ అలవాటున్న వారికి 180 కొనమని నేను చెప్పను.

ఇంతగా మెచ్చుకున్న తరువాత ఒక మాట చెప్పకపోతే న్యాయం కాదు. మాంసం శుభ్రంగా కనిపించడం వేరు, శుభ్రంగా ఉండడం వేరు. పార్టిషన్ ముందు భాగంలోని సీసం పోగొట్టుకున్న ఆ మూడో వంతు ఎక్కడికీ మాయం కాలేదు, కంటికి కనిపించని సన్నని తునకలుగా బుల్లెట్ దారి చుట్టూ చెదిరింది. సీసపు బుల్లెట్లతో కొట్టిన జింకలను ఎక్స్‌రే తీస్తే, గాయానికి చాలా దూరంలో కూడా తెల్లటి చుక్కలు కనిపిస్తాయి. సీసం పిల్లల మెదడుకు చేసే హాని గురించి తెలిసిన తల్లిదండ్రులు దీనిని తేలికగా తీసుకోలేరు. అందువల్ల కంటికి నలిగినట్టు కనిపించిన అరచేయంత మేర మాత్రమే కోసి సరిపెట్టడం మానేశాను. చుట్టూ ఉన్న మంచి మాంసాన్ని కూడా ధారాళంగా తీసేస్తాను. అంటే 180 మిగిల్చిందని నేను సంతోషించిన దానిలో కొంత మళ్ళీ వదులుకోవలసి వచ్చినట్టే. కాలిఫోర్నియా 2019 జులై 1 నుంచి వేటలో సీసపు తూటాలను పూర్తిగా నిషేధించింది. అక్కడ దీనికి ప్రధాన కారణం కళేబరాలు తినే కాండర్ రాబందుల మరణాలు గానీ, మన పళ్ళెం వరకు వచ్చే సీసం సంగతి కూడా అంతే ముఖ్యమైనది.

ఈ ఆలోచనతో గత కొంతకాలంగా పూర్తి రాగి బుల్లెట్లు కూడా వాడుతున్నాను. అక్కడ బరువు లెక్క మారిపోతుంది. రాగి సాంద్రత సీసం కన్నా తక్కువ కాబట్టి అదే బరువుకు బుల్లెట్ పొడవు పెరుగుతుంది, తూటాలో ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. మరోవైపు అది ముక్కలు కాదు, రేకులు విప్పుకుని దాదాపు మొత్తం బరువుతో లోపలికి సాగుతుంది. కనుక 165 గ్రెయిన్ల రాగి బుల్లెట్ ఎల్క్‌లో చేసే పని 180 గ్రెయిన్ల సీసం చేసే పనికి ఏ మాత్రం తీసిపోదు, జబ్బ కూడా అంతే శుభ్రంగా మిగులుతుంది. ఒక ఇబ్బంది ఉంది. దూరం పెరిగి వేగం బాగా తగ్గితే రాగి రేకులు సరిగా విచ్చుకోవు. అందుకే దానిని కాస్త తేలికగా, వేగంగా ఉంచడమే మంచిది. ఇది సీసం విషయంలో నేను పైన చెప్పినదానికి నేరుగా వ్యతిరేకమన్న సంగతి గమనించగలరు.

కాబట్టి 180 గ్రెయిన్లు అన్న నా సిఫారసుకు హద్దులు ఉన్నాయి. నేను వేటాడేది ఎక్కువగా చెట్ల మధ్య, రెండు వందల యాభై గజాల లోపు. గురిపెట్టేది ఎల్క్‌కు, అది కూడా మాంసం కోసం. నా రైఫిల్‌కు ఆ బరువు నచ్చింది. వ్యోమింగ్ మైదానాల్లో జింకను పోలిన ప్రాంగ్‌హార్న్ కోసం తిరిగేవారికి, లేదా ఒకే తూటాతో జింక, ఎల్క్ రెండూ కొట్టాలనుకునేవారికి 165 మెరుగైన ఎంపిక కావచ్చు. మామూలు తొడుగు బుల్లెట్‌లో 180 కొనడం కన్నా గట్టి నిర్మాణం ఉన్న 165 కొనడం మేలని కూడా అంటాను. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం భారతదేశంలో ఇలాంటి వేటకు తావు లేదు కాబట్టి, ఇదంతా ఇక్కడ అమెరికాలో లైసెన్సుతో వేటాడే తెలుగువారికి మాత్రమే ఉపయోగపడుతుంది.

రాబోయే సీజన్‌కు నా మ్యాగజీన్‌లోకి 165 గ్రెయిన్ల రాగి వెళుతోంది. పార్టిషన్ పెట్టెలు అల్మారాలో ఇంకా ఉన్నాయి, వాటిని పారేసే ఆలోచన లేదు. దట్టమైన అడవిలో ఏటవాలు గురి తప్పదనిపించిన రోజు అవే తీసుకువెళతాను, ఇంటికి వచ్చాక కత్తిని మాత్రం గాయానికి దూరంగా పెడతాను. మా అమ్మాయి కూడా ఈసారి వస్తానంటోంది. తన తేలికపాటి 7ఎంఎం-08 రైఫిల్‌కు 140 గ్రెయిన్ల రాగి బుల్లెట్లు కొన్నాను, ఆ దెబ్బను తను బెదరకుండా భరిస్తోంది.