అమ్మానాన్నల హెల్త్ పాలసీ: రూల్స్ మారాక ఏం మారింది, ఏం మారలేదు

అమ్మానాన్నల పేరు మీద ఉన్న ఫ్యామిలీ ఫ్లోటర్‌ని (ఇద్దరికీ కలిపి ఒకే కవరేజీ ఉండే హెల్త్ పాలసీని) చాలా ఏళ్లుగా తెగకుండా రెన్యువల్ చేయిస్తున్నాను. సాఫీగా పాసైన క్లెయిమ్‌లున్నాయి, కొర్రీలు పడినవీ ఉన్నాయి. 2024లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ రూల్స్ మార్చకముందు ఎలా ఉండేదో, ఇప్పుడెలా ఉందో రెండూ చూశాను. నా మట్టుకు కవరేజీ బాగుపడింది, ప్రీమియం సంగతి మాత్రం అలా లేదు.

అమ్మకి షుగరు. మేం పాలసీ తీసుకున్న రోజుల్లో ముందునుంచి ఉన్న జబ్బులకు నాలుగేళ్ల దాకా వెయిటింగ్ పీరియడ్ (ఆ జబ్బుకి క్లెయిమ్ ఇవ్వని కాలం) పెట్టుకునే వీలు కంపెనీలకు ఉండేది. 2024 ఏప్రిల్ 1 నుంచి అది మూడేళ్లు దాటకూడదు. 65 దాటాక కొత్తగా పాలసీ ఇవ్వం అనే గీత కూడా చెరిగిపోయింది. వీటికంటే పెద్దది మారటోరియం. వరసగా ఐదేళ్లు ప్రీమియం కట్టాక ‘జబ్బు దాచారు’ అనే సాకుతో క్లెయిమ్ తిరగ్గొట్టడానికి లేదు, మోసమని రుజువైతే తప్ప. ఇదివరకు ఎనిమిదేళ్లు ఆగాల్సి వచ్చేది. కవరేజీ పెంచుకుంటే పెంచిన మేరకు ఈ లెక్క మళ్లీ మొదలవుతుంది. ఈ సంగతి మా ఏజెంటు ఒక్కసారీ ఎత్తలేదు. కమిషన్ రాని విషయం కదా!

క్యాష్‌లెస్ (బిల్లు కంపెనీయే నేరుగా ఆసుపత్రికి కట్టే పద్ధతి) దగ్గరికొస్తే, అప్రూవల్ అడిగిన గంటలో నిర్ణయం చెప్పాలి, డిశ్చార్జ్ అప్పుడు మూడు గంటల్లో తేల్చాలి. 2024 మే చివర్లో వచ్చిన సర్క్యులర్‌లో ఉంది ఇది. నాన్నగారి గాల్‌బ్లాడర్ ఆపరేషన్ అప్పుడు పొద్దున రౌండ్స్‌లో డాక్టరుగారు ‘ఇక ఇంటికెళ్లొచ్చు’ అన్నారు. క్యాన్యులా తీసేశారు, మేం సంచులు సర్దేశాం, సాయంత్రం దాకా మంచం మీదే కూర్చున్నాం. ఎందుకంటే ఆ మూడు గంటలు డాక్టరు మాటతో మొదలు కావు, ఆసుపత్రి పంపిన రిక్వెస్ట్ కంపెనీకి చేరినప్పటి నుంచి మొదలవుతాయి. మిగిలిపోయిన మందులు ఫార్మసీకి వెనక్కిచ్చి, ఫైనల్ బిల్లు కొట్టి, డిశ్చార్జ్ సమ్మరీ మీద సంతకమై, ఆసుపత్రిలో బీమా క్లెయిమ్‌లు చూసే టీపీఏ డెస్క్ అబ్బాయి పోర్టల్‌లో ఎక్కించేసరికే మధ్యాహ్నం దాటింది. అక్కణ్ణుంచి అప్రూవల్ త్వరగానే వచ్చింది. ఎన్నింటికి పంపారో అడిగి టైము రాసి పెట్టుకోండి. గడువు దాటి ఆసుపత్రి అదనంగా ఏమన్నా వేస్తే అది కంపెనీయే భరించాలి.

ఈ సంస్కరణలేవీ తాకనిది గది అద్దె. పాలసీలో రోజుకి 5,000 లిమిట్ ఉండి 8,000 గదిలో చేరితే, ఆ తేడా మూడు వేలు కట్టేస్తే సరిపోతుందనుకుంటాం. కాదు. సర్జన్ ఫీజు, థియేటర్, నర్సింగ్ లాంటివన్నీ అదే నిష్పత్తిలో కోసేస్తారు. అవి లక్ష అయితే చేతికొచ్చేది 62,500. మందులు, ఇంప్లాంట్లు, టెస్టుల మీద మాత్రం ఈ కోత ఉండదు. గ్లవ్స్ వంటి చిల్లర సామాన్లకు రైడర్ (అదనంగా కట్టి తీసుకునే కవర్) లేకపోతే జేబులోంచే. పాలసీ కొనేటప్పుడు నేనైతే కవరేజీ అంకె కంటే ముందు గది అద్దె క్లాజే చూస్తాను.

ఇక ఖర్చు. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత, ఫ్యామిలీ పాలసీల మీద 18 శాతం జీఎస్టీ పోయింది. 25,000 ప్రీమియం మీద 4,500 మిగులు అన్నమాట. ఆ సంబరం తర్వాతి రెన్యువల్ నోటీసు దాకే, అందులో అసలు ప్రీమియమే పెరిగి వచ్చింది. పన్ను తీసేశాక తమ ఖర్చుల మీద తాము కట్టే జీఎస్టీని వెనక్కి తీసుకునే వీలు కంపెనీలకు లేకుండా పోయింది, ఆ భారం ఎక్కడో తేలాల్సిందే. 60 దాటినవాళ్లకు ఏడాదికి 10 శాతానికి మించి పెంచాలంటే ముందు ఐఆర్‌డీఏఐతో మాట్లాడాలని 2025 జనవరిలో ఆదేశం వచ్చింది. మంచిదే. కానీ ఏటా పది శాతం చొప్పున పెరిగినా ఎనిమిదేళ్లలో రెట్టింపు దాటుతుంది, పెన్షన్ అలా పెరగదు.

ఓ క్లెయిమ్‌లో కొంత కోత పెడితే ఏ క్లాజు ప్రకారమో చెప్పమని మెయిల్ పెట్టాను, వారంలోపే ఆ మొత్తం జమైంది. కదలకపోతే ఫిర్యాదుకి ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్, ఆ పైన బీమా తగాదాలు తీర్చే అంబుడ్స్‌మన్ ఉన్నారు. 50 లక్షల దాకా వివాదాలు ఫీజు లేకుండా వింటారు.

ప్రీమియం చూసి వేరే కంపెనీకి పోర్ట్ అవుదామనే ఆలోచన ప్రతి రెన్యువల్‌కీ వస్తుంది. వెయిటింగ్ పీరియడ్‌లో గడిచిన కాలం మనతోపాటే వస్తుంది గానీ, కొత్త కంపెనీ మనల్ని తీసుకోవాలని రూలేమీ లేదు. షుగరు, బీపీ, పాత క్లెయిమ్‌లు చూసి కాదనొచ్చు. అందుకే ఈ ఏడాదీ ఇక్కడే కట్టేశాను.