పగడపు తీరం వయసు తేల్చడానికి ఏది మేలు: రేడియోకార్బనా, యురేనియం–థోరియమా?

కరీబియన్ సముద్రంలోని బార్బడోస్ దీవిలో పడమటి తీరం నుంచి లోపలికి నడిస్తే పగడపు రాతి గట్లు మెట్లు మెట్లుగా పైకి పోతాయి. నేల నెమ్మదిగా లేస్తున్న దీవి కాబట్టి పై మెట్టు పాతది, కింది మెట్టు కొత్తది. రెండెజ్వస్ హిల్ మెట్టు వయసు సుమారు 1,25,000 ఏళ్లు.

ఇంత పాతదానికి రేడియోకార్బన్ పనికిరాదు. అది కొలిచే కార్బన్–14 అర్ధాయువు (సగం తరిగిపోవడానికి పట్టే కాలం) 5,730 ఏళ్లే. 50,000 ఏళ్లు దాటాక కొలవడానికి దాదాపు ఏమీ మిగలదు. అయినా ఏదో ఒక అంకె వస్తుంది, చిక్కంతా అక్కడే. లక్ష ఏళ్ల పగడంలో 1 శాతం నేటి కార్బన్ కలిసినా 37,000 ఏళ్లని చూపిస్తుంది.

యురేనియం–థోరియం పద్ధతి ఇక్కడ సరిగ్గా అతుకుతుంది. పగడం పెరిగేటప్పుడు సముద్రపు నీటి నుంచి గ్రాముకు సుమారు 3 మైక్రోగ్రాముల యురేనియం తీసుకుంటుంది. థోరియం నీటిలో నిలవదు గనుక దాదాపు చేరదు. తర్వాత ఆ యురేనియం క్షయమై లోపల పుట్టే థోరియం–230ను బట్టి వయసు లెక్క. సుమారు 5 లక్షల ఏళ్ల వరకు వెళ్లవచ్చు.

ముక్క పాడైందో లేదో ముందే చూడాలి. పగడం అరగోనైట్ అనే ఖనిజం, వాన నీరు తగిలితే కాల్సైట్ అనే మరో ఖనిజంగా మారుతుంది. ఎక్స్–రే పరీక్షలో కాల్సైట్ 1–2 శాతం మించితే పారేయడమే మంచిది. థోరియం–232 ఎక్కువుంటే మట్టి చేరినట్టు. యురేనియం–234, 238ల తొలి నిష్పత్తి వెనక్కి లెక్కిస్తే సముద్రపు నీటిదానికి దగ్గరగా రావాలి. బార్బడోస్ పగడాల్లో అది ఎక్కువగా తేలితే వయసు కూడా ఉన్నదానికంటే ఎక్కువే వస్తుంటుంది.

అలాగని రేడియోకార్బన్‌ను కొట్టిపారేయలేం. గవ్వలు చచ్చాక కూడా యురేనియం పీల్చుకుంటాయి, వాటికి యురేనియం–థోరియం పద్ధతి నమ్మకం కాదు. కొన్ని వేల ఏళ్ల గవ్వల తీరానికి రేడియోకార్బనే వాడాలి, సముద్రపు నీటి పాత కార్బన్‌కు సుమారు 400 ఏళ్లు (చోటును బట్టి మారుతుంది) సవరించి, ఆపైన క్యాలిబ్రేట్ చేసి (వచ్చిన అంకెను అసలు ఏళ్లలోకి మార్చి). క్యాలిబ్రేషన్ ఎందుకంటే, 1990లో బార్బడోస్ పగడాలనే రెండు పద్ధతుల్లోనూ కొలిస్తే 20,000 ఏళ్ల దగ్గర రేడియోకార్బన్ సుమారు 3,500 ఏళ్లు తక్కువ చూపింది.

వయసు సరిగ్గా వచ్చినా, దాన్ని బట్టి చెప్పే అప్పటి సముద్ర మట్టం ఎత్తు తప్పవచ్చు. ఎక్కువగా 5 మీటర్ల లోతులోపే పెరిగే అక్రోపోరా పాల్మాటా అనే పగడం, అదీ పెరిగిన చోటే నిలిచి ఉన్నది కావాలి. తుపాను విసిరిన ముక్క పనికిరాదు. ఇక నేల ఎంత వేగంగా లేచిందన్నది 1,25,000 ఏళ్ల మెట్టు నుంచే, అప్పటి సముద్రం నేటికంటే ఆరేడు మీటర్లు పైన ఉందనుకుని లెక్కిస్తారు. ఆ ఊహలో 3 మీటర్లు తేడా వస్తే మిగతా మెట్ల లెక్కలన్నీ వాటి వయసుకు తగ్గట్టు జరుగుతాయి.