ఆనందపురం దారిలో నర్సరీ: నూరువరహాలు కొనేవాళ్ళకి నా మాట

మొక్కలమ్మే మనిషి ముందు మన ఇంటి గురించి అడగాలి. ఎండ ఎటునుంచి పడుతుంది, నీళ్ళు బోరువా కుళాయివా, నాటేది నేలలోనా కుండీలోనా అని. విశాఖలో నేను తిరిగిన చాలా నర్సరీల్లో ఈ ప్రశ్నలు రాలేదు. మధురవాడ దాటి ఆనందపురం పూల మార్కెట్ వైపు వెళ్ళే దారిలో భార్యాభర్తలు నడిపే ఒక చిన్న నర్సరీ ఉంది. అక్కడ మాత్రం మొక్క చేతికిచ్చే ముందే ఇవన్నీ అడిగారు. అందుకే ఈ రివ్యూ రాస్తున్నాను.

నేను వెళ్ళింది నూరువరహాల కోసం. పొడుగ్గా పెరిగే నాటు ఎరుపు, కుండీలకి సరిపోయే మినీ రకం, పసుపు, గులాబీ, నారింజ అన్నీ వరసగా పెట్టారు. గేటు పక్కన నేలలో వేయడానికి నాటు ఎరుపు, మేడ మీదకి మినీ కావాలన్నాను. ఆయన వెంటనే, "గేటు పక్క గోడ కొత్తగా కట్టేరా అమ్మా?" అని అడిగారు. అవునన్నాను. "అయితే గోడకి రెండడుగులు ఎడంగా వెయ్యండి. సిమెంటులోని సున్నం మట్టిలోకి దిగితే ఈ మొక్క ఆకు పసుపు రంగుకి తిరిగిపోద్ది" అన్నారు.

ఆ మాట అక్షరాలా నిజం. నూరువరహాలు కాఫీ కుటుంబానికి చెందిన మొక్క, పుట్టిల్లు మన దక్షిణ భారతం, శ్రీలంక. దీనికి కాస్త పులుపు గుణం ఉన్న మట్టి కావాలి. సున్నం ఎక్కువైతే మట్టిలో ఇనుము ఉన్నా వేరు తీసుకోలేదు. అప్పుడు లేత ఆకులు పసుపు రంగుకి తిరుగుతాయి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగానే ఉంటాయి. గుడ్డు పెంకులు, పొయ్యి బూడిద ప్రతి కుండీలోనూ వేసే అలవాటు మన ఇళ్ళలో ఉంది కదా, ఈ మొక్కకి మాత్రం అవి వద్దు.

ఎండాకాలంలో మేడ మీద మినీ మొక్కకి సున్నం ఉండే బోరు నీళ్ళే పోయాల్సి వచ్చింది, ఆకులు సరిగ్గా అలాగే అయ్యాయి. ఫోన్‌లో ఫోటో తీసి పట్టుకెళ్ళాను. నాకేదైనా ఖరీదైన సీసా అంటగట్టే అవకాశం ఆయనకి ఉంది. కానీ ఏమీ అమ్మలేదు. ఎరువుల షాపులో అన్నభేది (ఇనుము అందించే ఫెర్రస్ సల్ఫేట్), కిరాణా కొట్లో నిమ్మఉప్పు (సిట్రిక్ యాసిడ్) కొనుక్కోమన్నారు. లీటరు నీళ్ళలో 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మఉప్పు కలిపి సాయంత్రం పూట ఆకుల మీద పిచికారీ చేయమన్నారు. పాత ఆకులు అలాగే ఉన్నాయి గానీ, ఆ తర్వాత వేసిన చిగుళ్ళు చక్కటి పచ్చదనంతో వచ్చాయి. ఇప్పుడు వాన నీళ్ళు పట్టి ఉంచుకుని దానికే పోస్తున్నాను.

నాకు అంతకన్నా నచ్చిన సంగతి మా చెల్లెలి విషయంలో జరిగింది. వాళ్ళ ఫ్లాట్ లాసన్స్ బే కాలనీలో, బాల్కనీ సముద్రానికి ఎదురుగా. నూరువరహాలే కావాలని పట్టుబట్టింది. ఆయన ఇవ్వనన్నారు! ఉప్పుగాలికి ఆకు అంచులు మాడిపోతాయి, ఆ గాలికి గన్నేరు, కాగితపు పూలు తట్టుకుంటాయి అని చెప్పారు. ఇంట్లో పాకే పిల్ల ఉందని తెలియగానే గన్నేరు కూడా వద్దన్నారు, ఆ మొక్క ఆకు నుంచి పువ్వు దాకా అంతా విషమే. చివరికి కాగితపు పూల మొక్క ఒక్కటే ఇచ్చి పంపించారు. ఖరీదు ఎక్కువున్న మొక్క అమ్ముకునే బేరాన్ని అలా వదులుకున్న మనిషి మీద నాకు గౌరవం కలిగింది.

లోటుపాట్లూ చెప్పాలి. మొక్కలు కడియం నుంచి లారీలో వస్తాయట, కవర్లలో మట్టి గట్టి బంకమట్టి. అలాగే కుండీలో దించితే నీళ్ళు లోపలికి దిగవు. వేర్లు తెగకుండా అంచుల మట్టిని వేళ్ళతో వదులు చేసి నాటాలి. ఈ సంగతి వాళ్ళు అడిగితేనే చెప్పారు, అందరికీ చెప్పాలి. వాళ్ళమ్మే మట్టి మిశ్రమంలో ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు, వేపపిండి బాగున్నాయి గానీ కొబ్బరిపొట్టు వాటా ఎక్కువ. వానాకాలంలో కుండీ రోజుల తరబడి తడిగానే ఉంటుంది. నేను ఇంకొంచెం ఎర్రమట్టి కలుపుకున్నాను. మొక్కల మీద పేర్లు, ధరలు రాసి ఉండవు, ఒక్కోటీ అడగాల్సిందే. ఇంటికి పంపే ఏర్పాటు లేదు, ఆటో మనమే మాట్లాడుకోవాలి.

కత్తిరింపు గురించి ఆవిడ చెప్పింది కూడా పనికొచ్చింది. పూలగుత్తి కొమ్మ చివరే వస్తుంది కాబట్టి, పార్కుల్లో లాగా మొక్కంతటినీ గోడలా సమంగా కోసేస్తే మొగ్గలన్నీ పోతాయి. వాడిన గుత్తిని మాత్రం కింద రెండాకుల దాకా తుంచాలి, అక్కణ్ణించి రెండు చిగుళ్ళు వస్తాయి. చీమలు కొమ్మల వెంట తిరుగుతుంటే ఆకుల అడుగున పిండినల్లి (తెల్లటి పిండిలా కనిపించే పురుగు) ఉందేమో చూడమంది. ఉంటే లీటరు నీళ్ళకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీళ్ళు కలిపి కొట్టడమే.

పూజకి రోజూ పూలు కావాలనుకునేవాళ్ళు నాటు ఎరుపే తీసుకోండి, గుత్తులు పెద్దవి. కనీసం సగం రోజు ఎండ పడే చోటు ఉండాలి, నీడలో ఆకులే తప్ప పూలు రావు. ఆదివారం రద్దీ ఎక్కువ, ఆయనతో తీరిగ్గా మాట్లాడాలంటే మామూలు రోజు పొద్దున్నే వెళ్ళండి.