పిస్టల్‌కి 21 నిండాలట, ఏ చట్టంలో ఉందో మరి

ఈ షూటింగ్ రేంజ్‌కి నాలుగు స్టార్లు ఇస్తున్నాను. ఐదోది కోసింది కౌంటర్ వెనక గోడకి కొట్టిన బోర్డు వల్ల. ప్రభుత్వ నిబంధనల ప్రకారం 21 ఏళ్లు నిండనివాళ్లకి పిస్టల్ ఇవ్వరని కన్నడలో, ఇంగ్లిష్‌లో పెద్ద అక్షరాలతో రాసి పెట్టారు. వీళ్ల దగ్గర ఉన్నవన్నీ 10 మీటర్ల ఎయిర్ పిస్టళ్లు, ఎయిర్ రైఫిళ్లు, అంటే తూటా కాకుండా గాలి ఒత్తిడితో పెల్లెట్ అనే చిన్న గుండు కొట్టేవి. వాటికి అలాంటి ప్రభుత్వ నిబంధన లేదు. మిగతాదంతా బాగుంది కాబట్టే ఈ ఒక్కటి సరిచేసుకోండని ఇంత పొడుగు రాస్తున్నా. ఓపిక లేనివాళ్లు వయసు గురించి రాసిన ముక్క చూసుకుని వెళ్లిపోండి, కోప్పడను.

మా అక్క కొడుకు ఇక్కడే హాస్టల్లో ఉండి బీటెక్ చదువుతున్నాడు, 19 ఏళ్లు. 2024లో పారిస్ ఒలింపిక్స్‌లో మను భాకర్ పిస్టల్ షూటింగ్‌లో రెండు కాంస్యాలు కొట్టినప్పటి నుంచి "పిన్నీ, ఒక్కసారి రేంజ్‌కి తీసుకెళ్లవా" అని నా ప్రాణం తీస్తున్నాడు. వాడితో పాటు మా అమ్మాయి, దానికి 13. ఇద్దరినీ వేసుకుని ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో పడి వెళితే, కౌంటర్ దగ్గరమ్మాయి ఆధార్ ఒరిజినల్ అడిగి, పుట్టిన తేదీ రిజిస్టర్లో రాసుకుని, వీడికి రైఫిల్ మాత్రమే అంది. ఎందుకమ్మా అంటే వేలు ఎత్తి బోర్డు చూపించింది. అదే సమయంలో ఆ పిల్ల వెనక అద్దంలోంచి లోపలి లేన్లు కనిపిస్తున్నాయి, అందులో ఒక లేన్లో మా అమ్మాయి ఈడు పాప ఒకతి, రెండు జడలు వేసుకుని, పిస్టల్ ఎత్తి దించి ఎత్తి దించి కొడుతోంది. మావాడు ఆ పాపని చూశాడు, బోర్డుని చూశాడు, నన్ను చూశాడు. "ఆ అమ్మాయి మా రెగ్యులర్ స్టూడెంట్ మేడమ్" అంది కౌంటర్ పిల్ల, అదేదో సమాధానం అయినట్టు.

అంటే నెలవారీ కోర్సులో చేరితే 13 ఏళ్ల మా అమ్మాయికి పిస్టల్ ఇస్తారు, గంటకి డబ్బు కట్టి వచ్చిన 19 ఏళ్ల కుర్రాడికి ఇవ్వరు. దీన్ని వయసు రూలు అని ఎలా అంటారు?

చట్టం సంగతి చూద్దాం. మన ఆయుధాల చట్టం 1959 నాటిది. అందులో 9వ సెక్షన్, 21 నిండనివాళ్లు తుపాకీ కొనకూడదు, దగ్గర ఉంచుకోకూడదు అంటుంది. ముందు ఈ వయసు 16గా ఉండేది, 1983 సవరణతో 21 చేశారు. చాలామందికి ఇంతవరకే తెలుసు, బోర్డు రాయించినాయనకి కూడా ఇంతవరకే తెలిసినట్టుంది. కానీ అదే సెక్షన్‌లో ఇంకో మాట ఉంది, శిక్షణ కోసమైతే ఈ 21 అడ్డం రాదు, నిర్ణయించిన వయసు దాటినవాళ్లు షరతులకి లోబడి వాడొచ్చని. ఆ వయసు 12. పక్కన పెద్దవాళ్లు, అంటే కోచో లైసెన్స్ ఉన్నవాళ్లో, నిలబడి చూసుకోవాలి. ఇదంతా నిజం తుపాకుల గురించి, పాయింట్ 22 పిస్టల్ లాంటివాటి గురించి. ఎయిర్ పిస్టల్ దాకా వస్తే ఆ చట్టం కిందే వచ్చిన 2016 రూల్స్‌లో హద్దు వేరే ఉంది: 4.5 మిల్లీమీటర్ల బోరు (గొట్టం లోపలి వెడల్పు), 20 జౌళ్ల శక్తి. ఆ లోపు ఉన్నవాటికి లైసెన్సే అక్కర్లేదు. రేంజ్‌లో వాడే పోటీ ఎయిర్ పిస్టళ్లు ఆ హద్దుకి చాలా కిందే ఉంటాయి.

ఇంకా తమాషా ఏంటంటే, ఈ ఆటలో జూనియర్ అంటేనే 21 లోపు. 2018లో గోల్డ్ కోస్ట్ కామన్వెల్త్ క్రీడల్లో అనీశ్ భన్వాలా 25 మీటర్ల ర్యాపిడ్ ఫైర్ పిస్టల్‌లో స్వర్ణం కొట్టినప్పుడు అతనికి 15 ఏళ్లు, అది గాలి పిస్టల్ కూడా కాదు, పాయింట్ 22 తూటాలు పేల్చే పిస్టల్. మన హైదరాబాద్ పిల్ల ఈషా సింగ్ అదే ఏడాది 13 ఏళ్లకే సీనియర్ల జాతీయ టైటిల్ తెచ్చుకుంది, హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో నాలుగు పతకాలు మెడలో వేసుకునేటప్పటికి ఆ అమ్మాయికి 18. ఈ బోర్డు ముందు నిలబెడితే వాళ్లిద్దరికీ రైఫిల్ మాత్రమే.

నేను గొంతు పెంచానో లేదో తెలీదు కానీ లోపల్నుంచి కోచ్ బయటికొచ్చాడు. మదనపల్లె వైపు మనిషి, నా కన్నడ విని మధ్యలోనే తెలుగులోకి దిగిపోయాడు. ఆయన మాట్లాడింది నాకు నచ్చింది, ఏదీ దాచలేదు. "మేడమ్, చట్టం అడ్డం కాదు. ఇది మా ఓనర్ పెట్టుకున్న రూలు. శని ఆదివారాలు కుర్రాళ్లు గుంపుగా వస్తారు, పిస్టల్ చేతికిస్తే మొదటి నిమిషంలోనే రీల్ మొదలవుతుంది, ఒకడు ఫోన్ పట్టుకుంటాడు, ఇంకొకడు పిస్టల్ పట్టుకుని కెమెరా వైపు తిరుగుతాడు. అంతే, మా గుండె ఆగిపోతుంది." రైఫిల్‌తో ఆ గొడవ తక్కువట. ఎందుకో ఆయన చేత్తో చేసి చూపించాడు. రైఫిల్ పొడవు, బరువు, భుజానికి ఆనించి రెండు చేతులతో పట్టుకోవాలి, పక్కకి తిప్పాలంటే ఒళ్లంతా తిరగాలి, ఈలోపు కోచ్ ఒక్క అంగలో వచ్చి పట్టుకోగలడు. పిస్టల్‌కి మణికట్టు తిరిగితే చాలు, గొట్టం పక్క లేన్‌లో మనిషి వైపు చూస్తుంది. గాలి పిస్టలే కదా అనుకోకండి, ఆ దూరంలో కంటికి తగిలితే కన్ను పోతుంది.

ఈ కారణం నేను పూర్తిగా ఒప్పుకుంటాను. ఎవరి దుకాణం వాళ్లిష్టం, 21 కాకపోతే 25 పెట్టుకోండి. కానీ అది "మా రేంజ్ నియమం" అని రాయాలి, సర్కారు మీద తోసేయకూడదు. పిల్లలు ఇంటికెళ్లి ఫోన్‌లో చూసుకుంటే అబద్ధమని రెండు నిమిషాల్లో తేలిపోతుంది, ఆ తర్వాత అదే గోడ మీద ఉన్న మిగతా రూళ్లు, నిజంగా ప్రాణం కాపాడేవి, వాటిని మాత్రం ఎందుకు నమ్ముతారు?

పైగా భయం గుంపు గురించైతే వయసుతో ఏం పని. మేం ఉన్నప్పుడే ఏదో ఐటీ కంపెనీ టీమ్ ఔటింగ్ వచ్చింది, అందరూ ముప్పై దాటినవాళ్లే, ఆధార్ చూసి పిస్టళ్లు ఇచ్చేశారు. అందులో ఒకాయన లేన్‌లో నిలబడి పిస్టల్‌తోనే వెనక్కి తిరిగి "ఎలా పడింది?" అని మేనేజర్ని అడిగాడు. కోచ్ అరిచిన అరుపుకి మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. వేలు ట్రిగ్గర్ మీద లేదులెండి, లోడ్ కూడా కాలేదట. అయినా ఆయన వయసు నలభైకి దగ్గర. మావాడు మాత్రం అప్పటికే సేఫ్టీ క్లాసు నోట్స్ ఫోన్లో రాసుకుంటున్నాడు. సిగ్గేసింది నాకు, ఆ టీమ్‌లో సగం తెలుగే వినిపిస్తోంటే.

చివరికి దారి ఏంటంటే బిగినర్ ప్యాక్ అని ఒకటి ఉంది, అది కడితే రిజిస్టర్డ్ స్టూడెంట్ లెక్క, అప్పుడు వయసు 12 దాటితే చాలు, 18 లోపు వాళ్లకి అమ్మానాన్నల సంతకం. కౌంటర్‌లో ఎవరూ చెప్పరు, అడగాలి. ఇద్దరికీ కట్టేశాను. గంట రేటుతో పోలిస్తే ఎక్కువే కానీ కోచ్ మన పక్కనే ఉంటాడు, పిల్లల్ని వదిలేసి ఫోన్ చూసుకోడు.

నేర్పే పద్ధతికి మాత్రం వంక పెట్టలేను. మొదటి క్లాసు సగం దాకా పిస్టల్ చేతికే ఇవ్వలేదు. బల్ల మీద పెట్టి ఉంటుంది, గొట్టంలోంచి నారింజ రంగు దారం బయటికి వేలాడుతూ ఉంటుంది, దాన్ని సేఫ్టీ ఫ్లాగ్ అంటారు, అది కనిపిస్తోందంటే లోపల పెల్లెట్ లేదని అర్థం. ఫ్లాగ్ పెట్టకుండా లేన్ వదిలి పక్కకి వెళ్తే ఆరోజుకి ఇంటికే. స్టార్ట్ అంటే తప్ప ముట్టుకోకూడదు, స్టాప్ అంటే వేలు ఎక్కడుంటే అక్కడ ఆగిపోవాలి. ఆ తర్వాత పక్కకి తిరిగి నిలబడడం, ఖాళీ చెయ్యి జేబులో పెట్టుకోవడం, ఊపిరి సగం వదిలి ఆపడం. పిస్టల్ సుమారు కిలో బరువు, మొదట్లో ఏం లేదనిపిస్తుంది, చెయ్యి చాచి పది లెక్కపెట్టేసరికి ముందు సైటు, అంటే గొట్టం చివర గురి చూసుకునే ముక్క, గాల్లో ముగ్గులు వేస్తుంది. ట్రిగ్గర్ అర కిలో బరువుకి వదులుతుంది, పోటీ రూలు ప్రకారం అంతకంటే తేలిగ్గా ఉండకూడదు. పది మీటర్ల దూరంలో పది పాయింట్ల గుండ్రం వెడల్పు 11.5 మిల్లీమీటర్లు, చొక్కా గుండీ అంత. చూపు సైటు మీద పెట్టాలి, టార్గెట్ మసకగా కనిపించాలి. మావాడు ఎంతసేపూ టార్గెట్‌నే చూసి అన్నీ కిందకి కొట్టాడు, మా అమ్మాయి చెప్పిందల్లా చెప్పినట్టు చేసి వాడికంటే మంచి కార్డు తెచ్చుకుంది, ఇంటికొచ్చేదాకా వాణ్ని వదల్లేదు.

పిస్టళ్లు కొన్ని విదేశీవి, కొన్ని మన దేశంలో చేసినవి. విదేశీ వాటికి గ్రిప్ చేతికి సరిపోయేలా సర్దుకోవచ్చు, కానీ చిన్న చేతులకి సరిపడే గ్రిప్ ఒకటే ఉంది, దానికోసం పిల్లలంతా క్యూ. పిల్లల కోర్సు అమ్ముకుంటున్నప్పుడు ఇంకో రెండు కొనొచ్చు.

ఒక పక్క విషయం, ఇది తెలుగువాళ్లందరికీ పనికొస్తుంది. మావాడి అన్న టెక్సాస్‌లో ఎంఎస్ చేస్తున్నాడు, వీడియో కాల్‌లో ఈ బోర్డు కథ విని "ఇక్కడైతే 18కే ఇస్తార్రా" అని గొప్పలు పోయాడు. అక్కడి లెక్క కూడా అంత తేలిక కాదు. 1968 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం లైసెన్స్ ఉన్న డీలర్ 21 నిండనివాళ్లకి హ్యాండ్‌గన్ అమ్మకూడదు, రైఫిల్, షాట్‌గన్ 18కి అమ్మొచ్చు. దీని మీద కోర్టుల్లో గొడవలు నడుస్తున్నాయి. రేంజ్‌లో అద్దెకి తీసుకుని అక్కడే కాల్చి ఇచ్చేయడం అమ్మకం కింద రాదు, అందుకని కొన్ని రేంజ్‌లు 18కి ఇస్తాయి, కొన్ని తమ రూలు కింద 21 అంటాయి. కానీ మన పిల్లలకి అసలు చిక్కు వయసు కాదు, వీసా. ఎఫ్-1 లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ చేతబట్టకూడదని ఫెడరల్ చట్టం, రేంజ్‌లో అద్దెకి తీసుకున్నా అదే లెక్క. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ ఉంటే మినహాయింపు ఉంది. వీకెండ్‌కి ఫ్రెండ్స్‌తో రేంజ్‌కి వెళ్లి ఫొటోలు పెట్టే పిల్లల్లో ఇది ఎంతమంది చూసుకుంటున్నారో, వాళ్ల అమ్మానాన్నలు ఇక్కడ ఆ ఫొటోలకి లైకులు కొడుతుంటారు. మావాడి అన్నకి ఆ సాయంత్రమే అక్క ఫోన్ చేసి చెడామడా తిట్టింది, నా వల్లే.

మళ్లీ మన రేంజ్. పార్కింగ్ బైకులకి ఓకే, కారైతే వీధిలో ఎక్కడో పెట్టుకోవాలి. ఏసీ బాగుంది. టార్గెట్లు సగం లేన్లలో ఎలక్ట్రానిక్, మిగతావి కాగితం కార్డులు తాడు మీద లాక్కునేవి, పిల్లలకి కార్డే ఇమ్మని అడగండి, ఇంటికి తెచ్చుకోవచ్చు. చెవులకి, కళ్లకి పెట్టుకునేవి అడక్కుండానే ఇచ్చారు, కళ్లద్దాలు గీతలు పడి ఉన్నాయి, మీ సొంతవి ఉంటే పట్టుకెళ్లండి. ఇంకోటి, చాలా ముఖ్యం: పెల్లెట్లు సీసంతో చేసినవి, చేత్తో ఒక్కొక్కటి పెట్టాలి, అయ్యాక సబ్బుతో కడుక్కోకుండా ఏమీ తినకూడదు. కోచ్ ఈ మాట గట్టిగా చెప్పాడు, తీరా వాష్‌బేసిన్ దగ్గరికి వెళితే సబ్బు లేదు. పక్కనే సమోసాలు అమ్మే స్టాల్ ఉంది, అదీ ఈ రేంజ్ వాళ్లదే! కౌంటర్‌లో చెబితే తెప్పిస్తాం అన్నారు, తర్వాతి క్లాసుకి వెళ్లినప్పుడు కూడా లేదు, నేనే ఒక బాటిల్ బ్యాగులో పెట్టుకెళ్తున్నాను.

వెళ్లేముందు ఫోన్ చేసి పిల్లల వయసు చెప్పి, వాకిన్ (గంటకి డబ్బు కట్టి వెళ్లడం) అయితే ఏమిస్తారు, బిగినర్ ప్యాక్ అయితే ఏమిస్తారు, రెండూ విడివిడిగా అడగండి. మధ్యాహ్నాలు ఫోన్ ఎత్తరు, పొద్దున పదిన్నర తర్వాత చేస్తే కోచే ఎత్తుతాడు, ఆయనతో తెలుగులో మాట్లాడేయొచ్చు.